అమ్మ మంగళవారాలు, శుక్రవారాలు

ఆ రోజుల్లో మనుషుల మొహాలు చదవడం నాకు వచ్చనుకునేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య అది. అబద్ధమాడేవాళ్లు చూపు తిప్పుకుంటారట, ముక్కు ముట్టుకుంటారట, అడగనిదానికీ జవాబిస్తారట. (ఈ లెక్కన మా యాకుత్‌పురా గల్లీలో పాలు పోసే అన్నను రెండు వారాలు అనుమానించాను. పాపం, ఆయనకు జలుబు.)

అనుమానం అమ్మ మీదికి మళ్లాక మాత్రం నా విద్యకు నేనే భయపడ్డాను. "పిన్నికి పానం బాగలేదు బిడ్డా, చూసొస్త" అని మంగళవారం, శుక్రవారం బయల్దేరేది. ఆ మాట నాతో కాదు, గోడతో అనేది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "బస్సుల్నే పోత, ఎండ గూడ లేదు" అని అడక్కుండానే చెప్పేది. తిరిగొచ్చాక కాస్త కుంటుతూ నడిచేది. దగ్గరికి వెళ్తే నొప్పుల మందు వాసన. ఉండబట్టలేక పిన్నికి ఫోన్ చేశాను. "నాకేమైందే? మంచిగనే ఉన్న. మీ అమ్మ మొఖం చూసి నెలైతుంది" అంది. అమ్మకేదో పెద్ద జబ్బు, మాకు చెప్పకుండా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది! లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే బాపుకు చెబుదామని వెళ్లి, గాజులు సర్ది తిరిగొచ్చాను.

ఆ శుక్రవారం అన్నం కూడా తినకుండా అమ్మ వెనకే బస్సెక్కాను. మొహానికి చున్నీ చుట్టుకుని, మగవాళ్ల మధ్య నిలబడి, ఆస్పత్రి బోర్డు కనిపించినప్పుడల్లా ఇక్కడే దిగుతుందని ఊపిరి బిగపట్టాను. అమ్మ జల్‌పల్లిలో దిగింది. ఖాళీ ప్లాట్ల మధ్య ఎటు పోయిందో తెలియక వెతుకుతుంటే ఒక గోడ అవతల నుంచి "పడ్త! పడ్త!" అన్న అమ్మ కేక. పరుగెత్తాను. నడుముకు కొంగు బిగించి అమ్మ స్కూటీ మీద వంకర్లు తిరుగుతోంది. వెనక బురఖా అంచు ఎత్తిపట్టుకుని మా పక్కింటి ఖాలా పరుగు. "అరే దీదీ, సామ్నే దేఖో! బ్రేక్ మారో!" అమ్మ ముందుకు చూడలేదు, నన్ను చూసింది. బండి ఇసుక కుప్పలోకి దూరి ఆగింది.

నేను అమ్మను పట్టుకుని భోరుమన్నాను.

"క్యా హువా? కౌన్ మర్‌గయా?" అంది ఖాలా ఆయాసపడుతూ, ఎవరో పోయారనుకుని.

"నీకు జబ్బు గాదా అమ్మా?"

"జబ్బేందే! ఈ వయసుల బండేంది, కాళ్లిరగ్గొట్టుకుంటవ్ అన్నడు గదా మీ బాపు. మంచిగ వచ్చినంక నేనే చెప్త. నువ్వు నోరు జారినవో, సూడు!"

సాయంత్రం బాపు "యాడికి పోయినవ్ బిడ్డా?" అన్నాడు. "దోస్తు ఇంటికి" అన్నాను. ఏ దోస్తో ఆయన అడగలేదు. నేనే మూడు పేర్లు చెప్పాను. చెవులు కాలిపోతున్నాయి.

"సాలు తియ్యి" అన్నాడు బాపు గొంతు తగ్గించి. "మీ అమ్మ బండి నేర్సుకుంటున్నదని నాకెర్కనే. మోకాలి మందు డబ్బా అల్మారీల ఎవలు పెట్టిన్రనుకున్నవ్? వద్దన్నది నేనే గదా, ఆమెనే వచ్చి చెప్పనీ. అప్పటిదాంక నాకేం తెల్వదు. సమజైందా?"

ఆ తర్వాత నెలరోజులు, ఇద్దరి రహస్యాలూ కడుపులో పెట్టుకుని, ఇద్దరి మధ్య కూర్చుని, కంచంలోంచి తలెత్తకుండా తిన్నాను. చివరికి ఒకరోజు అమ్మ దుకాణం ముందుకే స్కూటీ మీద వచ్చి ఆగితే బాపు నోరు తెరిచి మస్తుగా ఆశ్చర్యపోయాడు. అమ్మ నమ్మేసింది.

ఖాళీ కడుపుతో బస్సులో వేలాడుతూ, ప్రతి స్టాపులోనూ వాళ్లమ్మను మనసులోనే ఒక ఆస్పత్రిలో చేర్పించిన ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఇంత అన్నం తినవే అనాలనిపిస్తుంది.