మామ వేడి సీటు

మార్కాపురం ఎండల్లో బటన్ నొక్కితే సీటు వేడెక్కే కారున్న మనిషి మా మేనమామ ఒక్కడే. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కారు కొనుక్కొచ్చాడు. ఎక్కినవాళ్లందరికీ ముందు ఆ బటనే చూపించేవాడు. "నొక్కు అల్లుడూ, కింద వెచ్చగా వస్తాది" అనేవాడు. కింద వెచ్చదనం కోసం ఈ ఊళ్లో బటన్ నొక్కనక్కర్లేదని చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

ఒక మే నెలలో ఆ వేడి ఆగిపోయింది. వారం తిరిగితే గిద్దలూరు నుంచి వియ్యంకుడొస్తాడు. ఆయనకు సీటు సంగతి మామ ఫోన్లో అప్పటికే చెప్పేసుకున్నాడు. మామకు అన్నం సహించలేదు. నన్ను వెంటేసుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు.

మెకానిక్ ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. బటన్‌కు కరెంటు వస్తోంది. చివరికి సీటు కవరు విప్పాడు. లోపల స్పాంజి చెమ్మగా ఉంది. వేడెక్కే తీగ చిలుము పట్టి తెగిపోయింది.

"సీటు మీద నీళ్లు పోసినావా పెదనాయనా?"

"నేనెందుకు పోస్తా? ఎండకు కాలతాంటే దినామూ తుండు తడిపి పరుస్తా, అంతే."

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత స్పాంజి ఆరబెట్టి కొత్త తీగ వేశాడు.

మిట్టమధ్యాహ్నం మామ బటన్ నొక్కి కూర్చున్నాడు. చెమట గడ్డం మీదుగా కారేదాకా కూర్చుని, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. వెంటనే దిగి, భుజం మీది తుండు తీసి మెకానిక్ బకెట్లో ముంచాడు.

నేను నోరు తెరిచాను.

"ఏంది అల్లుడూ అట్ల చూస్తావు? సీటు కాలిపోతాంది."