ముద్ర పడని ఆర్థర్ రాజు నవలలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను ఉదయగిరి దగ్గరి ఒక పల్లె శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. అటెండరు పోస్టు ఖాళీ. తాళం తీసేదీ నేనే, ఊడ్చేదీ నేనే. ఆత్మకూరులో అద్దె గది, పొద్దున్నే బస్సు. నా భార్య పోయిన ఏడాది అది. ఎవరైనా పలకరిస్తే బదులివ్వడానికే విసుగు, ఇక నేను ఎవర్నీ పలకరించలేదు.

రోజూ సాయంత్రం సలోమి వచ్చేది. ఆ ఊరి మనిషే, దుత్తలూరులో ప్రైవేటు బడి ఇంగ్లీషు టీచరు, వయసు నలభైకి దగ్గర. మూల అరలో ఎవరో దానమిచ్చిన ఆరు ఇంగ్లీషు నవలలుండేవి. ఇంగ్లండు ఆర్థర్ రాజు పాత కథను ఈ కాలపు రచయితలు తిరగరాసినవి. ఒకరు రాణి వైపు నుంచి, ఇంకొకరు ఓడిన సైనికుడి వైపు నుంచి. వాటిలో ఒకటి తీసుకుని, తలుపుకు ఎదురుగా కూర్చుని, అట్ట బయటికి కనిపించేలా పట్టుకుని చదివేది. ఇంటికి మాత్రం తీసుకెళ్లేది కాదు. ఎందుకని నేను అడగలేదు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకం ఇంటికిస్తే చివరి పేజీలోని గడువు చీటీ మీద తేదీ ముద్ర వేస్తాం. ఏళ్ల తరబడి ముద్ర పడనిదాన్ని తీసేయాల్సిన పుస్తకాల ఉపసంహరణ జాబితాలో రాసి పై ఆఫీసుకు పంపుతాం. హాల్లో కూర్చుని చదివింది పరిగణనలోకి రాదు. మార్చిలో జాబితా అడిగారు. ఆరు చీటీలూ తెల్లగా ఉన్నాయి. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! చదివే మనిషి కళ్లెదుటే ఉన్నా నేను చీటీలే చూశాను. కట్టకట్టి ఆత్మకూరులోని పై ఆఫీసుకు పంపించేశాను.

మరుసటి సాయంత్రం సలోమి ఖాళీ అర చూసి నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది. ఆ ముఖంలో అంత సంతోషం అంతకుముందు చూడలేదు.

"ఆరూ తీసకపోయినారా సార్! ఎవురు సార్ వాళ్లు? మన ఊరోళ్లేనా?"

ఆమే చెప్పుకుపోయింది. "ఫోన్లో ఈ కతల గ్రూపులుండాయి సార్, అంతా ఏ దేశపోళ్లో. ఎదురుగా కూర్చోని మాట్లాడేదానికి ఒక్కరు లేరు. నేను ఇంటికి తీసకపోతే ఇంకొకరికి కనపడవు గదా అని ఈడనే చదివినా. అట్ట చూసి ఎవురన్నా అడగతారేమోనని ఇన్నేళ్లు కూర్చున్నా."

"ఆత్మకూరాయన ఒకాయన," అన్నాను. పిరికితనం, మరేం కాదు.

మర్నాడు ఆయనకివ్వమని రెండు పేజీల ఉత్తరం తెచ్చింది. ఆ రాణిది తప్పని మీకూ అనిపించిందా అని మొదలవుతుంది. వారం రోజులు, "ఏమన్నాడు సార్?" అని అడిగింది. ఈలోపు ఆత్మకూరు ఆఫీసులో వాకబు చేశాను. కట్టను పాత కాగితాల కింద అమ్మేశామన్నారు.

ఎనిమిదో రోజు నిజం చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీరన్నా చదివినారా సార్ వాటిని?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఉత్తరం వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రిటైరయ్యేదాకా, నిబంధనల్లో లేకపోయినా, హాల్లో చదివిన పుస్తకాలకూ ముద్ర వేశాను. అది చిన్న దిద్దుబాటు. అసలు నేర్చుకున్నది వేరు: చదువుతున్న మనిషిని ఏం చదువుతున్నావని అడగడం గ్రంథపాలకుడి ఉద్యోగంలో భాగం. జూన్ నుంచి మార్చి దాకా నేను ఆ ఉద్యోగం చేయలేదు.