బాపు తెరచాప, రాని గాలి

ఆ రోజు వచ్చినంత కోపం నాకు మళ్లీ రాలేదు. ఎవరి మీద అంటే చెప్పడం కష్టం. గాలి మీద కోప్పడితే వినేదెవరు?

భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున మా ఊరు. వంతెన కట్టకముందు మా బాపు చెక్క పడవలో మనుషుల్ని, మేకల్ని, మిర్చి బస్తాల్ని అవతలి ఒడ్డుకు చేరవేసేవాడు. వంతెన వచ్చాక పడవ పెరట్లో బోర్లా పడింది. మొన్న చలికాలంలో పై రేవు దగ్గర పాత పడవల పండుగ పెడుతున్నారని తెలిసి, జనగామలో ఉంటున్న నాకు ఫోన్ చేశాడు.

"ఒక్కసారి తెరచాప నిండంగ పోవాలె బిడ్డా. ఇగ నిన్నేం అడగ."

బాపు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరేనన్నాను.

అనడం తేలికే. తెరచాప ఎక్కడ దొరుకుతుంది? జనగామలో అడిగితే నవ్వారు. చివరికి మహబూబాబాద్‌లో షామియానాలు కుట్టే దర్జీ ఒకాయన ఒప్పుకున్నాడు. "తంబులు కుట్టిన గని అక్కా, గిసొంటిది ఎన్నడు కుట్టలె. కొలతలు జర మంచిగ చెప్పు," అన్నాడు. అంత బాగా చెప్పినా తప్పే కుట్టాడు, విప్పాడు, మళ్లీ కుట్టాడు. ప్రతిసారీ నేను రైలెక్కి పోవాల్సిందే.

పడవ పలకల సందుల్లో ముందే తారు పూయించి, నీళ్లలో నానేశాను. పండుగ నాడు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. ఏటికి ఎదురు పోవాలి కాబట్టి గాలి సాయం కావాలి. బాపు చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డున ఆకు కూడా కదలడం లేదు.

"వస్తది," అన్నాడు.

రాలేదు. నేను వెదురుగడ వేసి నెట్టాను. ఇసుక మేటలు తగిలినప్పుడల్లా దిగి, మోకాలి లోతు నీళ్లలో తాడు పట్టుకుని లాగాను. ఒక చెప్పు ఇసుకలో కూరుకుపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడుతూనే ఉంది.

చేపలు పట్టే మోటారు పడవ ఒకటి మా పక్కన ఆగింది. "తాడియ్యక్కా, గుంజుకపోత. పండుగ అయిపోవట్టె," అన్నాడు అందులోని మనిషి. నేను తాడు అందించబోయాను.

"వద్దు," అన్నాడు బాపు.

"ఏంది బాపు! గిట్ల ఎంతసేపు? గాలేమన్న నీ చుట్టమా, పిలిస్తె వస్తదా?"

"జర ఓపిక పట్టు బిడ్డా."

ఓపికట! బొబ్బలెక్కాయి నా చేతులు. పడవ నాది కాదు, పండుగ నాది కాదు, ముచ్చట నాది కాదు. గడ ఏట్లోకి విసిరేసి ఏడవాలనిపించింది. విసిరేస్తే మళ్లీ మా ఊరికే కొట్టుకుపోతాం, అందుకని ఊరుకున్నాను.

పొద్దు వాలుతుండగా చేరాం. ఉపన్యాసాలు అయిపోయాయి. మిగతా పడవలన్నీ ట్రాక్టర్ల మీద వచ్చాయట. కొత్త రంగులతో, బంతిపూల దండలతో ఒడ్డున వరసగా పెట్టారు. మెడలో బ్యాడ్జీ వేసుకున్న నిర్వాహకుడు మా పడవను నీళ్లలోనే రెండు తాళ్లతో కట్టించాడు. "ఫొటోలు తీసేదాకా కదిలించొద్దు మేడం," అన్నాడు.

నేను దిగాను. బాపు దిగలేదు. చుక్కాని మీద చెయ్యి వేసి తల వంచుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం చూశాను.

అప్పుడు నా మెడకు చల్లగా తగిలింది. పూలదండలు ఊగాయి. షామియానా అంచు లేచింది. మా తెరచాప టపటపా కొట్టుకుని, దర్జీ వేసిన ప్రతి కుట్టూ బిగుసుకునేలా నిండింది. కట్టిన తాళ్లు కిర్రుమన్నాయి.

పొద్దంతా ఎక్కడ చచ్చింది ఈ గాలి!

బాపు తెరచాపను చూశాడు. తాళ్లను చూశాడు. నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. ఇంకేం అడగనని ముందే మాట ఇచ్చాడు కదా.

"ఒక్క ఐదు నిమిషాలు మేడం, ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు," అంటున్నాడు నిర్వాహకుడు. నేను వంగి రెండు తాళ్లూ విప్పేశాను.

పడవ పండుగను వదిలేసి నడి ఏట్లోకి పోయింది. నేను ఒంటి చెప్పుతో ఒడ్డున నిలబడి నిర్వాహకుడి తిట్లన్నీ తిన్నాను.