రెండు రంగుల కళ్ళజోడు

బజారులో అందరూ ఆయన్ని జోళ్ళాయన అంటారు. చెప్పులకొట్టనుకుని వచ్చేవాళ్ళకి "కాళ్ళకి కాదు బాబూ, కళ్ళకి" అని జవాబు చెప్పీ చెప్పీ ఆయనకి విసుగు కూడా పోయింది. ఇరుకు షాపు, గోడకి అక్షరాల అట్ట, ఓ అద్దం, తిరిగే కుర్చీ. వెనకగదిలోనే కాపురం. ఎవరి గొడవా తలకెత్తుకునే మనిషి కాదు. ఊరేగింపు వస్తోందంటే షట్టరు సగం దించేవాడు, నినాదాలు వీధి మలుపు తిరిగాక ఎత్తేవాడు.

ఆ సోమవారం పొద్దున్నే స్టేషన్ కానిస్టేబుల్ వచ్చి, జేబురుమాలులో చుట్టిన కళ్ళజోడు బల్లమీద పెట్టాడు. ఒక అద్దం లేదు, రెండోది బీటలు వారింది. ముక్కు దగ్గర ఫ్రేము వంగిపోయింది. చెవికి తగిలించుకునే కాడల్లో ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు.

జోళ్ళాయన ఆ రెండో కాడని వేలితో తడిమాడు.

ఆ గోధుమరంగు కాడ వేసింది తనే. పోయిన వానాకాలంలో లెక్కల మాస్టారు జోడు విరగ్గొట్టుకుని వస్తే నల్లకాడ దొరకలేదు. "ఫర్వాలేదులేవయ్యా, ఒకే ఇంటికి ఇద్దరల్లుళ్ళు. రంగుతో పనేంటి, బరువు మొయ్యాలి గానీ" అని నవ్వుతూ పెట్టుకుపోయాడాయన. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెలో ఆ మాస్టారు మాట్లాడాడు. వారం కిందట స్కూలు గేటు దగ్గర ఎవరో కారెక్కించుకుపోయారు. స్టేషన్లో అడిగితే "మా దగ్గర లేడు" అన్నారు. మాస్టారి భార్య, హక్కుల సంఘం ఆవిడా ఫొటో పట్టుకుని బజారంతా తిరిగారు. "నేను చూళ్ళేదమ్మా" అన్నాడు జోళ్ళాయన. అప్పటికది నిజమే.

"ఎవరివండీ ఇవి?" అని నోరు జారాడిప్పుడు.

"మా మామగారివి. చూసుకోకుండా మీద కూర్చున్నాడు. సాయంత్రానికి కావాలి."

"అంత అర్జెంటా?"

"ఓ కాగితం మీద సంతకం పెట్టాలి. చదవందే పెట్టనంటున్నాడు. మొండిఘటం!"

మాస్టారి నంబరు అద్దాలు సొరుగులోనే ఉన్నాయి. కానీ జోళ్ళాయన నోటినుంచి వేరే మాట వచ్చింది. "ఈ నంబరు తెప్పించాలండీ. రేపు మధ్యాహ్నానికి ఇస్తాను."

కానిస్టేబుల్ ఆయన్ని కాసేపు చూశాడు. "రేపు మధ్యాహ్నం. తప్పితే ఈసారి నీ షాపు మీద కూర్చుంటా."

అతను వెళ్ళాక, అలవాటు చొప్పున ఫ్రేముని సబ్బునీళ్ళ గిన్నెలో వేసి కుంచెతో రుద్దాడు. కాడ మడిచే బందు సందుల్లోంచి నల్లగా గడ్డకట్టిందేదో వదిలింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

భోజనానికి పిలవడానికొచ్చిన భార్య ఆ గిన్నె చూసింది. ఆయన చెప్పిందంతా విని, "మీకెందుకండీ, కొరివితో తల గోక్కోవడం? పిల్లది కొత్తగా ఉద్యోగంలో చేరింది" అంది. గిన్నె తీసుకెళ్ళి పారబోసింది. చాలాసేపు కడిగింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"రేపు బాగుచేసి ఇస్తారు. ఆయన చదువుతాడు. ఎలాగో సంతకం పెట్టిస్తారు. ఆ తర్వాత ఆయనతో వాళ్ళకింకేం పనుంటుంది?"

ఆయన సొరుగు తెరిచి, మాస్టారి నంబరు అద్దాలు చూసి మళ్ళీ మూశాడు.

"ఉన్నాడని ఎవరికీ తెలీని మనిషి, లేకుండా పోతే మాత్రం ఎవరికి తెలుస్తుందండీ?"

జోడు జేబులో వేసుకుని, మందులషాపుకి వెళ్తున్నవాడిలా బయల్దేరాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ వంగి తన చెప్పు సర్దుకున్నాడు. హక్కుల సంఘం గది మేడమీద. నెరిసిన జుట్టు, హెడ్ నర్సు గొంతు, ఆవిడొక్కతే ఉంది. జోడుని నాలుగువైపులా ఫొటోలు తీసింది.

"మనిషిని చూశారా?"

"లేదమ్మా. జోడొక్కటే."

"సరే. పేరు లేకుండా రాస్తే ఇది పుకారు. మీ పేరుతో రాస్తే సాక్ష్యం. జడ్జి పుకారు మీద ఆర్డరివ్వడు."

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా పేరు పెడితే రేపు నన్నెవరు చూస్తారమ్మా?"

"మేం చూస్తాం. అదేగా మా పని. రోజూ మీరు షాపు తెరిచే వేళకి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే స్టేషనుకెళ్ళి అడుగుతాను."

"లేడంటారు."

"అంటారు. మళ్ళీ అడుగుతాం. అడిగేవాళ్ళున్నారని తెలిస్తే మనిషిని మాయం చెయ్యడం కష్టమండీ. కుదరదని అబద్ధం చెప్పను. కష్టం, అంతే."

ఆ "అంతే" దగ్గర ఆయన లేచిపోవాల్సింది. లేవలేదు. సంతకం పెట్టాడు. జోడు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాటింది, కానిస్టేబుల్ రాలేదు. వచ్చినా అంత భయం ఉండేది కాదేమో. వీధిలో ఏ బండి ఆగినా ఆయన అన్నం పళ్ళెంలో చెయ్యి ఆగిపోయేది. సాయంత్రం మాస్టారి భార్య వచ్చింది. సంఘం లాయరు కోర్టులో అర్జీ వేస్తే, జోడు ఫొటోలు చూసి జడ్జి గట్టిగా అడిగాడట. గంటలో మాస్టారిని కోర్టుకి తెచ్చారట. "చేతికి కట్టుంది. చూపానక పాపం, నేననుకుని పక్కనున్న బంట్రోతుతో మాట్లాడేశాడు" అంది. జైలుకి పంపారు. అయితేనేం, ఇప్పుడు ఆయన ఫలానా జైల్లో ఉన్నాడని కాగితం ఉంది. బాగుచేసిన జోడు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మరుసటి పొద్దున షట్టరు ఎత్తేసరికి కానిస్టేబుల్ గుమ్మంలో ఉన్నాడు. లోపలికొచ్చి తిరిగే కుర్చీలో కూర్చున్నాడు.

"మా మామగారి జోడేదీ?"

"మీ అత్తగారు పట్టుకెళ్ళారండీ."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. కానిస్టేబుల్ నవ్వలేదు. లేచి, షట్టరు సగం దించాడు. షాపులో వెలుతురు మోకాళ్ళ దాకా దిగిపోయింది.

ఫోన్ మోగింది.

"ఎత్తకు."

మోగుతూనే ఉంది. వెనకగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జోళ్ళాయన చెయ్యి చాచాడు. రిసీవరు ఎత్తాడు.

"తెరిచానమ్మా. ఉన్నాను." రిసీవరు రెండు చేతులా పట్టుకున్నాడు. "కానిస్టేబుల్ గారు కూడా ఉన్నారు. షాపులోనే. ఇప్పుడే వచ్చారు."

కానిస్టేబుల్ ఫోన్ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. షట్టరు కిందుగా వంగి వెళ్ళిపోయాడు.

"పెట్టెయ్యకండి, కాసేపు మాట్లాడుతూ ఉండండి" అంది ఆవిడ. ఏం మాట్లాడాలో ఆయనకి తోచలేదు. గోడమీద అట్ట కనిపించింది. పైనుంచి ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టాడు.