పేడనీళ్ళలో ముంచిన గడ్డి ముక్కలు

పక్కింటావిడ నగ చూసి కుళ్ళుకున్నవాళ్ళను చూశాను, చీర చూసి కుళ్ళుకున్నవాళ్ళనూ చూశాను. నేను మాత్రం గడ్డి చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ ఏడాది నాకు తిన్న తిండి ఒంటబట్టలేదు.

హైటెక్ సిటీలో గుండ్రటి బిల్డింగు ఇంకా పైకి లేస్తున్న రోజులవి. మావారిది సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మాదాపూర్ వెనక మూడు వందల గజాల స్థలంలో రెండు గదులు వేసుకుని వచ్చి పడ్డాం. చుట్టూ బండలు, సర్కారు కంప. గుడివాడ వైపు పాడి ఉన్న ఇంట్లో పుట్టిపెరిగిన నాకు ప్యాకెట్ పాలు గొంతు దిగేవి కావు. నా గోల పడలేక మా నాన్న ఒక గేదెను లారీ ఎక్కించి పంపాడు. దాంతోపాటే గోనెసంచిలో తడిగుడ్డ చుట్టి నేపియర్ గడ్డి ముక్కలు కూడా పంపాడు. చెరుకులాగే కణుపులుండే గడ్డి అది. కణుపు దగ్గర చిన్న కన్ను ఉంటుంది. రెండు మూడు కణుపుల ముక్క కోసి వానాకాలం మొదట్లో భూమిలో ఏటవాలుగా గుచ్చితే, కన్ను విచ్చుకుని పిలక లేస్తుంది. ఒకసారి పాతుకుందంటే ఏళ్ళ తరబడి కోసుకుంటూనే ఉండొచ్చు.

సంచిలో మా పెరటికి సరిపడా పెట్టుకున్నాక ఇంకా సగం మిగిలాయి. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు కడుతున్నారు. దాని వాచ్‌మన్ భార్య పాలమూరు మనిషి, రేకుల గదిలో ఉండేది. ఆమెకూ ఒక గేదె ఉంది, ఎముకలు లెక్కపెట్టొచ్చు. దూడగా ఉన్నప్పటి నుంచి తనే పెంచుకున్నానని చెప్పింది. తొలిచూలు కట్టింది, చలికాలం చివర్లో ఈనాలి. జాలిపడి మిగిలిన ముక్కలు ఆమెకిచ్చాను. నిజం చెప్పొద్దూ, జాలికంటే గొప్పతనమే ఎక్కువ. ఎలా గుచ్చాలో, ఎంత ఎడం వదలాలో పక్కన నిలబడి చూపించాను. ఆమె తలూపుతూ విని, "మంచిగ చెప్పినవమ్మా" అంది. అమ్మా అంటూనే నువ్వు అనడం వాళ్ళ వైపు మామూలేనని తెలిసినా, నాకు చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

రెండు నెలలు తిరిగేసరికి ఆమె గడ్డి మనిషెత్తు లేచింది. నాది నడుము దగ్గరే ఆగింది.

అదే సంచి, అదే ముక్కలు, ఒకే రోజు నాటాం. తేడా ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఆమె రోజూ పొద్దున్నే స్లాబు మీదికెక్కి, కాంక్రీటు ఆరకుండా పైపుతో నీళ్ళు కొట్టేది. ఆ నీళ్ళన్నీ కిందికి కారి ఆమె గడ్డి మడిలోకే పోయేవి. మా బోరు రోజుకు అరగంట పోస్తే గొప్ప. ఆ సంగతి తెలిశాక నా మనసు కుదుటపడాలి కదా, పడలేదు. నీళ్ళ వల్లే పెరిగిందని మావారితో నాలుగుసార్లు అన్నాను. ఆయన నాలుగోసారికి పేపరు దించి, నీళ్ళతోపాటు చెయ్యి కూడా మంచిదై ఉంటుంది అన్నారు. ఆ రోజు కూరలో ఉప్పు వేయలేదు. మర్చిపోయి కాదు.

అందరికంటే ఎక్కువ ద్రోహం చేసింది మా గేదె. ఆమె గడ్డి కోసి మోపు కట్టుకుని మా గోడ పక్కనుంచి పోతుంటే, మా నాన్న పంపిన గేదె, నేను కడిగి కుడితి పెట్టే గేదె, మెడ సాచి అరిచేది. నవ్వుతూ ఆమె నాలుగు పరకలు లాగి దాని నోట్లో పెట్టేది. కడుపు మండిపోయేది నాకు. నా మడిలో కోసి వేస్తే ముక్కుతో అటూ ఇటూ నెట్టే జంతువు, ఆమె పరకలను కళ్ళు మూసుకుని నమిలేది. ఆమె గేదె కూడా ఒళ్ళు చేసి, నున్నగా నిగనిగలాడుతూ కనిపించేది. ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఆగి, ఈ గడ్డి ఏ రకమండీ అని ఆమె మడి చూపించి నన్నే అడిగేవారు.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని పాడి తెలిసినవాళ్ళెవరూ చేయరు. ఆ గడ్డిని నెలన్నరకోసారి లేతగా ఉన్నప్పుడే కోసెయ్యాలి. ఆమె అలాగే కోసేది, కోసినప్పుడల్లా ఆమె మడి పొట్టిదయ్యేది. నేను కోయడం మానేశాను. ఎలాగైనా నా గడ్డి ఆమె గడ్డిని మించి కనిపించాలి, అంతే. స్లాబు మీదనుంచి ఆమె, నీ గడ్డి ముదురుతుందమ్మా, కోసెయ్యి ఇగ, అని చెప్పింది కూడా. నాకు చెప్పొచ్చావా అనుకున్నాను. నా గడ్డి గోడ దాటి లేచింది. ఆ ఎత్తు చూసి ఏనుగెక్కినంత సంబరపడ్డాను. గేదెను మడి అంచున కట్టేస్తే, అది ఆకులు మాత్రం దూసుకుని కాడలు వదిలేసేది. పాలు సగానికి పడిపోయాయి. లింగంపల్లి నుంచి తవుడూ పత్తిచెక్కా తెప్పించి నెట్టుకొచ్చాను గానీ కొడవలి పట్టలేదు.

దసరా వెళ్ళాక ఒక పొద్దున లారీలు వచ్చి ఆమె మడి మీద కంకర పోసేశాయి. దాని మీద ఇటుకలు పేర్చారు. మేస్త్రీకి ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడే. ఆమె కంకర గుట్ట పక్కన నిలబడి చాలాసేపు చూసింది. గోడ ఇవతల నేనూ చూశాను. అయ్యో అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆ అయ్యో కంటే ముందు, లోపల ఏదో హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం ఆమె మా గేటు దగ్గరికొచ్చింది. చుట్టుపక్కల ఖాళీ స్థలాలకు కంచెలు పడ్డాయి, గడ్డి కోసుకునే చోటు లేదు. మేపలేకపోతే నార్సింగి సంతలో అమ్మేస్తానని మొగుడు అంటున్నాడట.

"అమ్మా, నీ గడ్డి ముదిరి కట్టెలైంది గద. పెట్టనీకె గవే మంచిగుంటయి. జర ఇయ్యి. రేకుల ఎనుక జర జాగ ఉన్నది, ఈనే యాల్లకు అందుకుంటది."

నిజమే. మేతకు పనికిరాని ముదురు కాడలే నాటడానికి మంచివి. నా తెలివితక్కువతనం కూడా ఆమెకే కలిసొస్తోంది. ఆ ఆలోచన రాగానే ఒళ్ళంతా భగ్గుమంది. ఈమె మళ్ళీ మడి వేస్తుంది, ఆ నీళ్ళు మళ్ళీ అటే పారతాయి, మా గేదె మళ్ళీ మెడ సాస్తుంది. రేపు పొద్దున్న ఇస్తానని చెప్పి పంపించాను.

తెల్లారాక పెరట్లో కూర్చుని కాడలు కోశాను. ముక్కలు చేశాను. ఒక్కో ముక్క చేతిలోకి తీసుకుని, కణుపు దగ్గర పొర ఒలిచి, కన్నును గోటితో గీకేశాను. తర్వాత బకెట్లో పేడ కలిపి అన్నిటినీ ముంచాను. పేడనీళ్ళలో ముంచితే చెద పట్టదు, మా ఊళ్ళో అలాగే చేస్తారు. గోటి గాట్లు కూడా కనిపించవు. ఆమె వచ్చి కొంగు పట్టింది. పేడలో ముంచి మరీ ఇచ్చానని చెప్పాను. నీ కడుపు సల్లగుండ అంది.

పది రోజులు పోయాయి, ఇరవై పోయాయి. రేకుల వెనక ఒక్క పిలక లేవలేదు. ఆమె రోజూ బిందెతో నీళ్ళు మోసి పోసేది. గోడ మీదుగా చూడడం నేను మానలేదు. ఆమె గేదె మళ్ళీ ఎముకలు తేలింది. అప్పుడైనా ఒక మోపు కోసి పడేయొచ్చు కదా, పడేయలేదు.

సంతకు తోలుకుపోయే పొద్దున, వాచ్‌మన్ తాడు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. నిండు చూలుతో గేదె బరువుగా అడుగులేస్తోంది. ఆమె మా గేటు దగ్గర ఆగింది. పాపం, మొలవలేదేమిటో అన్నాను.

"స్లాబు మీద నీళ్ళు కొడుతుంటే నీ పెరడంత కనవడ్తదమ్మా" అంది. "నువ్వు గోటితోని గీకుడు చూసిన."

కోపం లేదు ఆమె ముఖంలో. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి లోపలికి పోయేదాన్ని.

"చూసి మరీ ఎందుకు తీసుకెళ్ళావు?" అన్నాను.

"ఒక్కదానికన్న ఇడిసిపెడ్తివేమో అనుకున్న. ఒక్కటి లేస్తె సాలు గద, మల్ల దాన్నుంచే మడి చేసుకుందునని."

అంత మంచిగా నా గురించి అనుకోగలిగిన ఆ మనసును చూసి కూడా ఆ క్షణంలో నాకు కుళ్ళే కలిగింది. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని గేదె వెనకాల వెళ్ళిపోయింది. మా గేదె ఆమెను చూసి మెడ సాచి అరిచింది. ఆమె ఆగలేదు.

నేను ఒక్కదానికీ కన్ను వదల్లేదు. పేడనీళ్ళలో ముంచేముందు ప్రతి ముక్కనూ వెలుతురుకు పెట్టి మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకున్నాను.