పరుపుల కాళ్ళ ఆటగాడు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి పిల్లలమంతా ఆదివారం మధ్యాహ్నం కోసం కాచుకుని ఉండేవాళ్ళం. ఆ పూట మా చిన్నాయన అన్నం తిని, చేతులు ఒకటికి రెండుసార్లు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, నడవలో చాప పరిచేవాడు. తర్వాత అటక మీద నుంచి ఒక బిస్కట్ల డబ్బా దించేవాడు. అందులో ఉండేవి ఆటగాళ్ళ పటాలు. ఒక్కోటీ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. గట్టి అట్ట, ముందువైపు రంగుల్లో మనిషి బొమ్మ, వెనక ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సిగరెట్టు పెట్టెల్లో ఇలాంటివి పెట్టి అమ్మేవాళ్ళట.

చిన్నాయన వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో ఒక హోటల్లో సప్లయరుగా పనిచేశాడు. సిగరెట్టు తాగే పెద్దమనుషులు పెట్టె విప్పి, పటాన్ని కాఫీ సాసరులో పారేసి పోతుంటే, ఈయన దాన్ని ఏరుకుని, తుడిచి, ఆరబెట్టి దాచుకునేవాడు. తనకు మాత్రం సిగరెట్టు అలవాటే లేదు. ఒకే పటం రెండు దొరికితే రైలెక్కి హిందూపురమో పెనుకొండో పోయి, తనలాంటి పిచ్చి ఉన్న ఇంకొకరితో మార్చుకుని వచ్చేవాడు. అలా ఏళ్ళ తరబడి తిరిగి కట్ట మొత్తం పూర్తిచేశాడు. మా కాలానికి ఆ పటాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఒకటి పోతే మళ్ళీ దొరికే దారి లేదు. అందుకే మేము చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. వాటి మీద ఊపిరి వదిలినా ఊరుకునేవాడు కాదు. మా అవ్వకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. “దేవుని పటాలకైనా ఇంత మర్యాద చేసినావా యానాడన్నా?” అని సణిగేది.

పక్కింటి అత్త కూతురు నా ఈడుదే. దానికి నచ్చిన పటం ఒక్కటే. హాకీలో గోలు కాసే ఆటగాడిది. కాళ్ళకు మోకాళ్ళ పైదాకా తెల్లటి దిండ్ల లాంటివి కట్టుకుని, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు బెదురుగా నిలబడి ఉంటాడు. “మామా, పరుపులాయప్పను సూపీ,” అని చిన్నాయన ప్రాణం తీసేది. ఆయన కావాలనే ఆ పటాన్ని కట్ట అడుగున పెట్టేవాడు. అంతసేపూ కూర్చుని, తీరా అది బయటికి వచ్చాక, ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు పడీపడీ నవ్వేది. ఆయన చాప పరిచేదే దాని నవ్వు కోసమేమో అని నాకు లోలోపల కుళ్ళుగా ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మా వైపు పెద్దమ్మవారు వచ్చింది. మశూచిని అప్పట్లో అలాగే అనేవాళ్ళు. ముందు బత్తలపల్లిలో ఉందన్నారు. తర్వాత మా పైవీధి అన్నారు. గడపలకు వేపమండలు కట్టారు. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు పెట్టరు. కొద్ది రోజుల్లోనే పైవీధిలో తాలింపు వాసన లేకుండా పోయింది. మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లోనే ఆగిపోతూ వచ్చింది.

అప్పుడు టీకాలాయన సంచి తగిలించుకుని మా వీధికి వచ్చాడు. మాకు జబ్బు కంటే ఆయనంటేనే ఎక్కువ భయం. ముళ్ళున్న చిన్న చక్రాన్ని చేతి మీద ఆనించి తిప్పితే నెత్తురు చిమ్మేది, పుండు పడేది, జ్వరం వచ్చేది. పైగా అమ్మవారికి అడ్డం పోతే ఆమెకు ఇంకా కోపం వస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. అందుకని మా వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. మావి గుంట మగ్గాలు. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి తొక్కుతాడు. ఆ గుంటలోకి పిల్లల్ని దింపేవాళ్ళు. పైన సగం నేసిన పట్టుచీర బిగించి ఉంటుంది. పిల్లను లాగబోయి ఒక్క పోగు తెగినా వీధి వీధంతా మీద పడుతుందని టీకాలాయనకు తెలుసు. మా అమ్మ నన్నూ అలాగే దింపింది. ఆ తేమలో, ఆ చీకట్లో మోకాళ్ళు కావలించుకుని కూర్చుని, గెలిచామనే అనుకున్నాను.

ఆయన ఇంటింటికీ తిరిగి వట్టి చేతులతో వెనక్కి మళ్ళుతుంటే చిన్నాయన ఆపాడు. “కొంచేపు నిలబడప్పా,” అని లోపలికి వచ్చి, ఆదివారం కాకపోయినా అటక మీది డబ్బా దించాడు. వీధి నడుమ నిలబడి గట్టిగా కేక వేశాడు. “ఎవురు టీకా ఏపిచ్చుకుంటే వాళ్ళకొక పటం! మీకు నచ్చింది తీసుకోండి. మీ సేత్తోనే తీసుకోండి!”

మేము నమ్మలేదు. ముట్టుకోనివ్వని మనిషి ఇచ్చేస్తానంటున్నాడు. ముందు ఎదురింటి పిల్ల గుంటలోంచి పైకి పాకింది. ఆ తర్వాత మమ్మల్ని పట్టుకోవడం అమ్మల వల్ల కాలేదు. నేను మా అమ్మ చెయ్యి విదిలించుకుని పరిగెత్తాను. టీకా మంటకు ఏడుస్తూనే బ్యాటు పట్టుకున్న ఆటగాణ్ణి తీసుకున్నాను. చిన్నాయన డబ్బా ముందుకు చాపి నిలబడ్డాడు. ఒక్కో పటం పోతుంటే ఆయన చూపు దాని వెంటే కొంతదూరం పోయి వచ్చేది. మురికి వేళ్ళతో పట్టుకున్నా, ముడిచి జేబులో కుక్కుకున్నా ఏమీ అనలేదు. ఒక్క పటం మాత్రం ముందే తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పక్కింటి తలుపు ఇంకా తెరుచుకోలేదు. అత్తకు అంతకుముందు ఒక కొడుకు పోయాడు. వాడు ఏ జబ్బుతో పోయాడో గానీ, టీకా వేయించిన కొన్నాళ్ళకే పోవడంతో ఆమె మనసులో అది టీకాకే ముడిపడిపోయింది. చిన్నాయన ఆ తలుపు తోసుకుని పోతే, వెనకాలే నేనూ లోపలికి పోయాను. అత్త మగ్గం గుంటకు అడ్డంగా కూర్చుని, లోపలున్న కూతురి భుజం గట్టిగా పట్టుకుని ఉంది.

“వానికి టీకా ఏపిచ్చినాక ఏమాయనో నీకు తెల్దా అన్నా? నాకుండేది ఇదొక్కటే. దీన్ని ఇయ్యను,” అంది.

చిన్నాయన జేబులోని పటం తీసి గుంటలోకి కనబడేలా పట్టుకున్నాడు. “ఎవురొచ్చినారో సూడు పాపా. బయటికొస్తే నీకే ఇస్తా.”

లోపల ఏడుపు మొదలైంది. “పోతామ్మా, నొప్పైనా ఓర్చుకుంటామ్మా,” అని అది గుక్కపట్టి ఏడ్చింది. దాన్ని చూసి అత్తకూ ఏడుపు ఆగలేదు. ఆమె చెయ్యి కూతురి భుజం మీద కొంచెం కొంచెంగా సడలడం నా కళ్ళతో చూశాను. ఇంకాసేపు ఆగి ఉంటే వదిలేసేది. ఈ విషయంలో నాకు ఈనాటికీ అనుమానం లేదు.

చిన్నాయన ఆ ఏడుపు తట్టుకోలేకపోయాడు. వంగి పటాన్ని దాని చేతిలో పెట్టేశాడు. “తీసుకో బంగారూ, ఏడవొద్దు,” అన్నాడు.

ఏడుపు ఆగిపోయింది. గుంటలోంచి ఆ పాత నవ్వే వినబడింది. అత్త కొంగుతో మొహం తుడుచుకుని, “మళ్ళొచ్చినప్పుడు ఏపిస్తాలే అన్నా,” అంది. చిన్నాయన కూడా నవ్వాడు. టీకాలాయన సంచి సర్దుకుని రామగిరి దారి పట్టాడు. చిన్నాయన అంత మంచివాడు లోకంలో లేడని ఆ పూట నేను అనుకున్నాను.

మా చేతుల మీది పుండ్లు ఎండి పెచ్చులు ఊడిపోయిన కొన్నాళ్ళకు అమ్మవారు మా వీధిలోకి దిగింది. టీకా వేసుకున్న పిల్లలెవరూ జబ్బు పడలేదు. అత్త కూతురు పడింది. నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. దాని మూలుగు వినబడకుండా నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పడుకునేదాన్ని. తర్వాత వేళ్ళు పెట్టుకోవలసిన అవసరం లేకపోయింది. అమ్మవారితో పోయిన వాళ్ళను పూడ్చేవాళ్ళు. దాన్నీ అలాగే, డప్పు లేకుండా, చాటుగా తీసుకుపోయారు. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

కొన్నాళ్ళకు అత్త మా ఇంటికి వచ్చింది. చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి చేతులు జోడించింది.

“నీ రుణం తీర్చుకోలేనన్నా. కండ్లు మూసుకపోయినా నా బిడ్డ ఆ పటం ఇడసలేదు. తడుముకుని తడుముకుని నవ్వేది. దాన్ని పట్టుకునే పోయె.”

ఆమె తిట్టి ఉంటే చిన్నాయన బతికిపోయేవాడు. ఆయన లేచి లోపలికి వచ్చేశాడు. మా అమ్మ రాట్నం దగ్గర కూర్చుని పట్టు చుడుతోంది. నేను పక్కనే ఉన్నాను.

“ఆ పటం నేను పిల్ల కోసరం ఇయ్యలేదు వదినా,” అన్నాడు. “అది ఏడుస్తాంటే సూడలేక నా కోసరం ఇచ్చినా. నేను కొంచేపు ఓర్చుకోనుంటే అది బతికేది.”

మా అమ్మ రాట్నం వదిలి నన్ను దగ్గరికి లాక్కుంది. మాకు పంచిన పటాలు మా చేతుల్లో ఆ ఎండాకాలం కూడా నిలవలేదు. ఆటల్లో చిరిగాయి, కాలవల్లో పడ్డాయి. ఒకటి బురదలో కనబడితే చిన్నాయన పక్కనుంచి నడిచిపోవడం నేను చూశాను. మళ్ళీ ఆయన చాప పరచలేదు. ఎవరింట్లోనైనా పసిపిల్ల ఏడుస్తుంటే అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

అడిగింది ఇస్తే తప్పెలా అవుతుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. పెళ్ళై, నా కొడుక్కి టైఫాయిడు వచ్చినప్పుడు అర్థమైంది. జ్వరం దిగినా పేగులు పచ్చిగా ఉంటాయని, గంజి తప్ప ఏదీ పెట్టవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. వాడు ఎముకల గూడై, దోసె కావాలని నా కొంగు పట్టుకుని ఏడ్చాడు. ఒక్క ముక్కతో ఏమవుతుందని అందరూ అన్నారు. “నీది గుండేనా, బండనా?” అంది మా అత్తగారు. నేను పెట్టలేదు. పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అన్నిసార్లూ అంత గట్టిగా నిలబడ్డానని చెప్పను. కాదనలేక ఇచ్చేసి తర్వాత కుమిలిన రోజులూ ఉన్నాయి.

నా కొడుక్కి ఇప్పుడు జుట్టు నెరిసింది. నలుగురు కూర్చున్నప్పుడు ఆ దోసె కథ తీసి, “మా అమ్మది రాతి గుండె” అని నవ్విస్తాడు. నేనూ వాళ్ళతో పాటు నవ్వుతాను. ఆ రోజు దోసె పెట్టి ఉంటే, వాడి ఏడుపు కంటే ముందుగా ఆగేది నా ఏడుపే. అది తెలిసే పెట్టలేదు.