స్టేన్‌వోర్ కాచిన తీరం

స్టేన్‌వోర్‌కు డెబ్బై నాలుగేళ్లు. బ్రేదాఫ్యోర్దుర్ అఖాతం ఒడ్డున ఐడర్ అనే సముద్రపు బాతుల గూళ్లను యాభై రెండు వేసవులు కంటికి రెప్పలా కాచిన మనిషి. తల్లి చేతి నుంచి ఆమె చేతికి వచ్చేనాటికి ఆ నల్లని లావా రాళ్ల తీరంలో అరవై గూళ్లే. ఇప్పుడు ఎనిమిది వందల పైచిలుకు. గుడ్లు తినిపోయే, ముంగిసల్లాంటి మింకులను నలభై ఒక్కటిని తన తుపాకితో పడగొట్టింది. ఈదురుగాలికి అడ్డుగా తన చేతులతో రాతిగోడలు పేర్చింది. చదివింది ఊరి బడిలోనే. అయినా రాజధాని నుంచి వచ్చిన పక్షుల పండితుడు ఆమె వెనకాలే నడుస్తూ ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఎవరూ అడగకపోయినా ఈ మాట ఆమె చెబుతుంది. చెప్పుకోదగ్గదే కదా!

గూళ్ల దగ్గరికి వెళ్లడానికి ఒక పద్ధతుంది. ఏ వేసవైనా అదే గోధుమరంగు ఉన్నికోటు, అదే దారి, గొంతులో అదే సన్నని కూనిరాగం. అప్పుడు బాతు కదలదు. పొట్ట కింద చెయ్యి పెట్టి గూట్లో అది పరిచిన, పరుపులకు అమ్ముడుపోయే మెత్తని ఈకల నూగు కాస్త తీసుకున్నా ఊరుకుంటుంది. బెదిరిందా, లేస్తూ లేస్తూ గుడ్ల మీదే రెట్ట వేసి పోతుంది. ఆ కంపు నూగుకు పడితే ఇక వదలదు. ఈలోగా గుడ్లు చల్లబడతాయి.

జూన్‌లో ఆమె తమ్ముడి కొడుకు బెర్గ్‌స్వేన్ వచ్చి, కాఫీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"అత్తా, రేపు పన్నెండు మంది యాత్రికులు వస్తారు. అగ్నిపర్వతాలు చూశారు, వేడినీళ్లలో మునిగారు, ఇక బాతులు చూస్తారట."

"బాతులు నీ అబ్బ సొత్తా?"

"మా నాన్న నీ తమ్ముడే కదా!"

"వాడు బతికుంటే నీ చెవి మెలితిప్పేవాడు. ఒరేయ్, పొదిగే రోజుల్లో గేటు దాటి ఒక్క కాలు పడిందంటే నీ కాలు నీకుండదు."

"ఒక్క కాలూ పడదత్తా. మాటిస్తున్నా."

మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు పన్నెండు మందీ పసుపుపచ్చ వానకోట్లతో గేటు బయటే నిలబడ్డారు. వాళ్లను తీసుకొచ్చిన సోల్‌రూన్ అనే పిల్ల ఏదో వివరిస్తోంది. స్టేన్‌వోర్ కాస్త శాంతించి కిటికీ దగ్గర నిలబడింది. అంతలో బెర్గ్‌స్వేన్ సంచిలోంచి డ్రోన్ తీసి గాల్లోకి వదిలాడు. నేలను తాకితేనే తప్పనుకున్నాడు. ఆ అఖాతం ఒడ్డున పుట్టినవాడే, అయినా పైన గద్దలా కదిలే నీడంటే బాతులకు ఎంత బెదురో మరిచాడు.

తీరమంతా ఒక్కసారిగా లేచింది. వందల రెక్కలు సముద్రం వైపు ఎగిరిపోయాయి. ఆ వెనకే నల్లవీపు గల్ పక్షులు గుడ్ల మీదికి దిగాయి.

స్టేన్‌వోర్ కోటు తొడుక్కోవడం కూడా మరిచి పరుగెత్తింది.

"దించరా ఆ దరిద్రాన్ని! కడుపుకు చేప తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

"అత్తా, నేల తొక్కలేదుగా..."

"నోరుముయ్! సోల్‌రూన్, వీళ్లందరినీ లోపలికి తోలు. ఆ పసుపు కోట్లు విప్పమను, బాతులు ఇంకా బెదురుతాయి. రాయికొకరు నిలబడి చేతులూపాలి. గల్ దిగిందంటే నేనే రాయి విసురుతాను, ఎవరికి తగిలినా నాకు పట్టదు."

"స్టేన్‌వోర్, వాళ్లు అతిథులు," అంది సోల్‌రూన్.

"నా అతిథులు నీళ్ల మీదికి పోయారు. కదులు!"

కదిలారు. సన్నటి వానలో చలికి వణుకుతూ పన్నెండు మంది చేనుకాపు బొమ్మల్లా చేతులు ఊపారు. ఆమె వంగి వంగి గూడు గూడుకూ తిరిగి గుడ్ల మీద నూగు కప్పింది. తర్వాత అందరినీ గోడల వెనక నేలకు ఆనించి కూర్చోబెట్టింది. నాలుగు గంటలు. బాతులు ఒక్కొక్కటే ఈదుకుంటూ తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు.

గేటు దగ్గరికి సోల్‌రూన్ నవ్వుముఖంతో వచ్చింది. "స్టేన్‌వోర్, ఈ ప్రయాణంలో ఇంత గొప్ప రోజు ఇంకోటి లేదంటున్నారు వీళ్లు!"

ఇంకో బస్సు జనాన్ని తేవచ్చన్న ఆశతో బెర్గ్‌స్వేన్ కళ్లు మెరిశాయి. ఆ మెరుపు ఆమె చూసింది. ఒళ్లు భగ్గుమంది.

"గొప్ప రోజా? ముప్పై ఏడు గూళ్లకు తల్లులు రాలేదు. సోల్‌రూన్, వాళ్లను బస్సెక్కించు, మళ్లీ ఈ దారి తొక్కనివ్వకు. నువ్వు మాత్రం ఆగరా."

అతని చేతిలో బకెట్ పెట్టింది.

"చల్లబడ్డ గుడ్లన్నీ ఏరు. చేతులకు తొడుగుల్లేవు. వాసన తెలియాలి."

"అత్తా, తప్పైపోయింది."

"గుడ్డుతో చెప్పు ఆ మాట."

బస్సు వెళ్లిపోయింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, కంపుకొట్టే గూట్లో చెయ్యి పెట్టి మొదటి గుడ్డు తీశాడు. లోపల పిల్ల బరువు చేతికి తెలిసి ఆగిపోయాడు. స్టేన్‌వోర్ అతని నెత్తిమీదే నిలబడి ఉంది.

"ఒకటి," అంది. "తియ్యి."